తెర మారిన తేదీ

(హథ్‌ఖోజ్‌లో విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పిలిచిన మిత్రులు మొదట నాకిచ్చిన అంశం 'డిజిటల్ యుగంలో సామాజిక న్యాయం'. అంత బరువు నేను మోయలేనన్నాను. నాకు తెలిసింది చిన్న పని. స్కాలర్‌షిప్పులకూ, కుల ధ్రువపత్రాలకూ, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఆన్‌లైన్ దరఖాస్తు ఎలా నింపాలో తెలుగులో గైడ్లు రాస్తాం, నేనూ మరో ముగ్గురూ. మెట్టు మెట్టుగా చెబుతూ ప్రతి మెట్టుకూ ఒక స్క్రీన్‌షాట్ పెడతాం. కొంతకాలం కిందట ఆ స్క్రీన్‌షాట్లు తీసే పనిని మనుషుల నుంచి తప్పించి యంత్రానికి అప్పగించాం. పోర్టల్‌లో పేజీ మారితే గైడ్‌లో బొమ్మ దానంతటదే మారిపోతుంది. దానివల్ల ఏం బాగుపడింది, ఏం పోయింది అన్నదే ఇవాళ నేను చెప్పగలిగింది. ఇదేదో కంప్యూటర్ వాళ్ల ఇంటి గొడవ అనిపిస్తే కాసేపు ఓపిక పట్టండి. ఇది భిలాయ్‌లో పుట్టిన తెలుగు పిల్లల గొడవే.

ముందు బాగుపడినదాని గురించి చెబుతాను. ఎందుకంటే యంత్రాన్ని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం సులువు. చేత్తో స్క్రీన్‌షాట్లు తీసిన రోజులు నేను చూశాను. ఒక్క స్కాలర్‌షిప్ గైడ్‌లోనే నలభైకి పైగా బొమ్మలుండేవి. కొత్త విద్యా సంవత్సరం మొదలవగానే పోర్టల్ వాళ్లు రంగు మారుస్తారు, మెనూ ఎడమ నుంచి పైకి ఎక్కిస్తారు, 'కొత్త రిజిస్ట్రేషన్' అన్న బటన్‌ను ఇంకో పేరుతో ఇంకో మూల పెడతారు. మేం నలుగురం ఉద్యోగాలు ముగించుకుని రాత్రి కూర్చుని ఒక్కో బొమ్మా మార్చేసరికి దరఖాస్తు గడువు సగం అయిపోయేది. ఈలోగా మా పాత గైడ్ పట్టుకున్న పిల్లలు, లేని బటన్ కోసం తెరంతా వెతికేవాళ్లు.

వాళ్లెవరో కూడా చెప్పాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లూ, ఇంగ్లిషు చదివే అన్నయ్య ఉన్నవాళ్లూ మా గైడ్ తెరవరు. తెరిచేది ఇంట్లో మొదటిసారి ఇంటర్ దాటిన పిల్ల. ఫోన్ తండ్రిది. రాత్రి ఆయన డ్యూటీ నుంచి వచ్చాకే అది చేతికొస్తుంది. పోర్టల్ హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. చదివి అర్థం చేసుకోవడం కన్నా బొమ్మతో పోల్చుకోవడమే ఆ పిల్లకు ధైర్యం. 'నా తెర, గైడ్‌లో తెర ఒకేలా ఉన్నాయి, అంటే నేను సరైన చోటే ఉన్నాను' అనుకుంటుంది. అదే తేడాగా ఉంటే తప్పు తనదే అనుకుంటుంది తప్ప గైడ్‌ది అనుకోదు. తనను తాను అనుమానించుకోవడం మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన చదువు కదా. ఒకటి రెండు సార్లు తెర కలవకపోతే ఫోన్ మూసేసి చాయిస్ సెంటర్‌కు పోతుంది. ఇక్కడ చాయిస్ సెంటర్, తెలంగాణలో మీసేవ, పేరేదైనా అక్కడ కౌంటర్‌లో ఉన్న మనిషి ఏది నొక్కితే అదే దరఖాస్తు. కాబట్టి బొమ్మ తాజాగా ఉండటం సోకు కోసం కాదు. అది ఉంటే ఆ పిల్ల తన దరఖాస్తు తనే నింపుకుంటుంది.

అది జరిగే తీరు కూడా రెండు ముక్కల్లో చెబుతాను. వెబ్‌సైట్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి ప్రోగ్రామర్లు వాడే పనిముట్లున్నాయి. సెలీనియం 2004లో మొదలైంది, గూగుల్ వాళ్ల పపెటీర్ 2017లో, మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్ 2020లో వచ్చాయి. మనిషి లేకుండానే బ్రౌజర్ తెరిచి, చెప్పిన చోట నొక్కి, చెప్పిన పేజీని బొమ్మ తీసి దాచమంటే దాస్తాయి. రోజూ తెల్లవారుజామున ఆ స్క్రిప్టు నడిచేట్టు పెట్టాం. నిన్నటి బొమ్మకూ ఇవాళ్టి బొమ్మకూ చుక్క చుక్క పోల్చి, తేడా ఉంటే పాతదాని స్థానంలో కొత్తది పెడుతుంది. ఆ 'స్థానంలో' అన్న మాట గుర్తుపెట్టుకోండి. మా కష్టమంతా అక్కడి నుంచే వచ్చింది.

చిన్న కష్టాలు మొదటి వారంలోనే కనబడ్డాయి. బొమ్మ మారింది గానీ కింద మేం రాసిన వాక్యం మారలేదు. 'కుడివైపు నీలం బటన్ నొక్కండి' అని రాసి ఉంటుంది, బొమ్మలో బటన్ ఆకుపచ్చది, అదీ ఎడమవైపు. పాత బొమ్మ, పాత వాక్యం రెండూ ఉన్నప్పుడు కనీసం రెండూ ఒకే అబద్ధం చెప్పేవి. మేం గీసిన ఎర్ర బాణాలు తెర మీద కొలతల ప్రకారం గీసినవి. పేజీ రెండు వేళ్లు కిందికి జరిగితే బాణం పోయి 'రద్దు చేయి' అన్న బటన్‌ను చూపించేది. చూపు లేని విద్యార్థుల కోసం బొమ్మ వెనక రాసే వివరణ సంగతి మరీ అన్యాయం. ఫోన్ చదివి వినిపించేది ఆ వివరణనే. బొమ్మ వందసార్లు మారినా అది మొదటిరోజు దగ్గరే ఆగిపోయింది. చూపున్నవాళ్లకు తాజా గైడ్, లేనివాళ్లకు పాత గైడ్ ఇస్తున్నామని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంకో ముచ్చట, ఒకరోజు పోర్టల్ మరమ్మతులో ఉంది. స్క్రిప్టుకు అదేం తెలుసు? 'సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడినవి' అన్న పేజీని శ్రద్ధగా బొమ్మ తీసి మూడో మెట్టులో పెట్టింది. ఆ పొద్దున గైడ్ చూసినవాళ్లు పథకమే ఎత్తేశారనుకున్నారు.

ఇవి నవ్వుకుని దిద్దుకోగలిగినవి. నవ్వుకోలేనిది ఒకటి మా చేతులమీదుగానే జరిగింది. లాగిన్ అయ్యాక వచ్చే పేజీల కోసం ఒక విద్యార్థి ఇష్టపడి తన ఖాతా వాడుకోమన్నాడు. ఆ లాగిన్ మూయకుండా వదిలేశాం. స్క్రిప్టు తన పని తను చేసింది. అతని పేరు, కులం, తండ్రి వార్షికాదాయం అన్నీ కనిపించే పేజీ సగం రోజు గైడ్‌లో ఉంది. మరో పిల్లవాడు చూసి ఫోన్ చేశాడు. కులం పేరు ఎవరి ముందు చెప్పాలో, ఎవరి ముందు చెప్పకూడదో హాస్టళ్లలో, తరగతుల్లో ప్రతిరోజూ లెక్కవేసుకుని బతికే పిల్లలు మన పిల్లలు. ఆ లెక్క యంత్రానికి తెలియదు. దానికి ఆధార్ నంబరూ ఒకటే, పేజీ శీర్షికా ఒకటే. మైక్రోసాఫ్ట్ 2024 మే నెలలో 'రీకాల్' అని ప్రకటించింది. కొన్ని సెకన్లకొకసారి కంప్యూటర్ తెరను దానంతటదే బొమ్మ తీసి దాచుకునే ఏర్పాటు అది. భద్రతా నిపుణులు గట్టిగా అడ్డుపడితే వాయిదా వేసి, మార్పులు చేసి, మరుసటి ఏడాది గానీ విడుదల చేయలేదు. అంత పెద్ద సంస్థకు ఎదురైన ప్రశ్నే మా నలుగురికీ ఎదురైంది. అప్పటి నుంచి లాగిన్ దాటిన పేజీ ఏదీ స్క్రిప్టుకు ఇవ్వడం లేదు. వాటిని చేత్తోనే, విద్యార్థి పక్కన ఉండగానే తీస్తాం, పేరూ నంబర్లూ చెరిపే పెడతాం.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను.

ఖుర్సీపార్‌లో ఉండే ఒక కుటుంబం. తండ్రిది శ్రీకాకుళం వైపు, ఇక్కడి షెడ్లలో కాంట్రాక్టు మీద వెల్డింగ్ పని. కూతురు డిగ్రీలో చేరి స్కాలర్‌షిప్‌కు పెట్టుకుంది. మా గైడ్ చూసే పెట్టుకుంది. సూచనల పేజీలో, విద్యార్థి కుల ధ్రువపత్రం లేకుంటే తండ్రిది జతచేయవచ్చని అప్పుడుంది. ఆ అమ్మాయి తండ్రి ధ్రువపత్రం జతచేసింది. మూడు వారాల తర్వాత దరఖాస్తు వెనక్కి వచ్చింది, 'విద్యార్థి పేరిట ధ్రువపత్రం లేదు' అని. కార్యాలయానికి వెళితే, సూచనలు సరిగా చదవలేదన్నారు. ఏ కార్యాలయమో చెప్పను, ఇది ఒక్కచోట జరిగే పని కాదు. పేజీ తెరిచి చూపించారు కూడా. అందులో 'విద్యార్థి పేరిట మాత్రమే' అని ఉంది.

ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. "అన్నా, నేను మీ గైడ్ చూసే పెట్టాను. అందులో నాన్నది పెట్టొచ్చని ఉంది."

నేను గైడ్ తెరిచాను. మా బొమ్మలో కూడా 'విద్యార్థి పేరిట మాత్రమే' అనే ఉంది. పోర్టల్ వాళ్లు మధ్యలో ఎప్పుడో వాక్యం మార్చారు. మా స్క్రిప్టు ఆ తెల్లవారుజామునే పాత బొమ్మ తీసేసి కొత్తది పెట్టింది. అది ఎంత బాగా పనిచేసిందంటే, ఆ పిల్ల చెప్పేది అబద్ధమని మా గైడే సాక్ష్యం చెప్పింది. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నేను కూడా తనే తప్పు చదివి ఉంటుందనుకున్నాను. "సరిగ్గా చూశావా అమ్మా?" అని అడిగాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

తండ్రి ఫోన్ తీసుకున్నాడు. "కాయితం నేకపోతే మా పిల్ల అబద్దమాడినట్టేటి బాబూ?"

కాగితం ఉంది. ఆ అమ్మాయి ఫోన్‌లో చిన్న అక్షరాలు కనబడక చాయిస్ సెంటర్‌లో ఆ సూచనల పేజీ ప్రింట్ తీయించుకుంది. బ్రౌజర్ నుంచి ప్రింట్ తీస్తే అంచున తేదీ, వెబ్ చిరునామా పడతాయి కదా. రెండు రోజులు వెతికితే పుస్తకాల మధ్య దొరికింది. తేదీ ఉంది, చిరునామా ఉంది, 'తండ్రిది జతచేయవచ్చు' అన్న వాక్యమూ ఉంది. నా దగ్గర ఆమె మాట నిలబడింది గానీ కార్యాలయంలో నిలబడలేదు. "ఇప్పుడు పోర్టల్‌లో ఏముందో అదే రూలు" అన్నారు. ఆ ఏడు స్కాలర్‌షిప్ పోయింది. ఫీజు కోసం తండ్రి అప్పు తెచ్చాడు. మరుసటి ఏడు తన పేరిట ధ్రువపత్రం తెచ్చుకుని పెట్టుకుంది, వచ్చింది. అప్పు మీద వడ్డీ మాత్రం ఎవరూ వెనక్కివ్వలేదు.

తన పేరిట ధ్రువపత్రం తెచ్చుకోవడం భిలాయ్‌లో పుట్టిన తెలుగు దళిత పిల్లకు ఎంత కష్టమో ఈ గదిలో చాలామందికి తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం కొంచెం చెబుతాను. షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు తేదీ 1950 ఆగస్టు 10. ఒక రాష్ట్రంలో ఎస్సీగా గుర్తింపు కావాలంటే ఆ తేదీ నాటికి మీ కుటుంబం అక్కడ నివాసం ఉన్నట్టు చూపించాలి. ఇప్పుడు భిలాయ్ చరిత్ర చూడండి. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. కర్మాగారం పనికి వచ్చిన మన తాతలు ఎవరైనా 1950లో ఇక్కడ ఎలా ఉంటారు? అప్పటికి కర్మాగారమే లేదు. పేరుకు రాష్ట్రం కూడా వేరే. ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబర్ 1న.

ఇది కోర్టులకు కొత్త విషయం కాదు. తెనాలిలో పుట్టి, తండ్రికి ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం రావడంతో బొంబాయి చేరిన ఒక ఎస్టీ విద్యార్థి, అక్కడ మెడికల్ సీటు అడిగితే కాదన్నారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా చదువుకునేది అదే. 1990లో రాజ్యాంగ ధర్మాసనం, వలస వచ్చిన రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్ర సర్వీసుల విషయంలో ఆ సూత్రాన్నే నిలబెట్టింది. ఆ తీర్పుల మంచిచెడ్డలు మరోసారి మాట్లాడుకుందాం. నాకు ఇక్కడ కావలసింది ఒకటే. మన దగ్గరికి వచ్చేసరికి రాజ్యం ఏడు దశాబ్దాల కిందటి ఒక తేదీని కదలకుండా పట్టుకుంటుంది. మీ తాత ఆ రోజు ఎక్కడున్నాడో కాగితం చూపించమంటుంది. తన దగ్గరికి వచ్చేసరికి, మూడు వారాల కిందట తన పేజీలో ఏముందో చూపించాల్సిన పని తనకు లేదంటుంది. మన గతానికి రుజువు కావాలి, తన గతం ఎప్పటికప్పుడు తుడిచేసుకోవచ్చు. మా స్క్రిప్టు తెలియక చేసిన పని ఏమిటంటే, ఆ తుడవడంలో చేయి కలపడం.

ఈ నేల మీద ఈ మాట మరింత గట్టిగా వినబడుతుంది. కాంట్రాక్టు కార్మికుడిని 'నువ్వు మా రోల్‌లో లేవు' అనడం ఇక్కడ ఎంత పాత మాటో పెద్దవాళ్లను అడగండి. శంకర్ గుహా నియోగి ఈ పారిశ్రామిక ప్రాంతంలో కార్మికుల తరఫున నిలబడి 1991 సెప్టెంబర్ 28న హత్యకు గురయ్యాడు. మరుసటి ఏడు జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర కార్మికుల మీద కాల్పులు జరిగాయి. ఆ పోరాటమంతా చెప్పే చోటు ఇది కాదు. రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంటే పనిచేసిన రోజులు వాళ్లు చెప్పినన్నే అన్న అనుభవం మాత్రం ఇక్కడి ఇళ్లలో ఇంకా ఉంది. పాత గేటు పాసులు, చిరిగిన వేతన చీటీలు ట్రంకుపెట్టెల్లో దాచే అలవాటు అందుకే.

ఒక విద్యార్థి మిత్రుడు, ఐఐటీలో చదువుతున్నవాడు, ఈ కథ విని, "అన్నా, గిట్‌లో పాత వెర్షన్లన్నీ ఉంటాయి కదా, ఏదీ పోదు" అన్నాడు. నిజమే, ప్రోగ్రామర్లు వాడే గిట్‌లో ప్రతి మార్పూ నిలిచే ఉంటుంది. బొమ్మలు బరువని మేం చరిత్ర లేకుండా పైపైనే రాయించాం, ఆ తప్పు మాదే. కానీ గిట్‌లో ఉన్నా ఆ పిల్లకేం లాభం? అది మాకు కనబడుతుంది, తనకు కనబడదు. పాతది ఎక్కడో ఒకచోట ఉండటం ఒక ఎత్తు. అవసరమైనవాళ్ల చేతికి అందేట్టు ఉండటం ఇంకో ఎత్తు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి జనానికి అందుబాటులో ఉంది, ఎన్నో పాత పేజీలు అందులో దొరుకుతాయి. నేనూ వెతికాను. మాకు కావలసిన వారంలో ఆ పేజీ అందులో లేదు.

తాజా చేస్తూనే పాతది పోగొట్టకుండా ఉండటం కుదరదా? కుదురుతుంది. మనందరి ఇళ్లలో ఉన్న పుస్తకంలోనే ఆ పద్ధతి ఉంది. రాజ్యాంగం ప్రతి తీసి ప్రవేశిక చూడండి. 'సార్వభౌమ సామ్యవాద లౌకిక ప్రజాస్వామ్య గణతంత్రం' అన్న చోట ఒక చిన్న అంకె ఉంటుంది. పేజీ అడుగున, 1976 నాటి 42వ సవరణ చట్టం ద్వారా, 1977 జనవరి 3 నుంచి, 'సార్వభౌమ ప్రజాస్వామ్య గణతంత్రం' అన్న మాటల స్థానంలో ఇవి వచ్చాయని రాసి ఉంటుంది. పైన తాజా పాఠం. కింద పాత మాటలు, మార్చింది ఎవరు, ఏ రోజు నుంచి. 16వ అధికరణం 4ఏ క్లాజు దగ్గర ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదని 1992 నవంబర్ 16న ఇందిరా సాహ్నీ తీర్పు చెప్పింది. దానికి జవాబుగా 77వ సవరణతో 1995 జూన్ 17 నుంచి 4ఏ వచ్చింది. 2001 నాటి 85వ సవరణ అందులో సీనియారిటీ మాటను చేర్చి, అదీ 1995 జూన్ 17 నుంచే అమలైనట్టు లెక్క అంది. ఒక్క క్లాజు, రెండు రాతలు, ఒకే అమలు తేదీ. అడుగున ఆ రెండు వరుసలు లేకపోతే, 1998లో ప్రమోషన్ అడిగిన ఉద్యోగి ఏ మాటలను బట్టి అడిగాడో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడున్న పాఠం చూసి, 'సీనియారిటీ అప్పుడే ఉంది కదా, నీకు తెలియలేదు' అంటారు. నా దగ్గరికి ఫోన్ చేసిన అమ్మాయితో అన్నట్టే.

బాబాసాహెబ్ స్వయంగా ఈ పని చేసి చూపించారు. లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ 1936 వార్షిక సభకు ఆయన్ను అధ్యక్షుడిగా పిలిచి, ముందే అచ్చయిన ప్రసంగంలో కొన్ని భాగాలు తీసేయమంది. కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. 'కుల నిర్మూలన'ను తన ఖర్చుతో పుస్తకంగా తెచ్చినప్పుడు మండల్‌తో నడిచిన ఉత్తరాలను కూడా ముందు పెట్టారు. 1937 ముద్రణలో గాంధీ విమర్శనూ దానికి తన జవాబునూ చివర చేర్చారు. పుస్తకం పెరిగింది, 'తాజా' అయింది. కానీ ఎవరు ఏం తీసేయమన్నారో, ఎప్పుడు అన్నారో అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఉత్తరాలు లేకుండా ఉత్త ప్రసంగమే మనకు అందితే, అది ఏ వేదిక మీదా వినబడని ప్రసంగమని పుస్తకం తెరిచిన మనిషికి ఎలా తెలిసేది?

అధ్యాపకులకు ఒక మాట. మీ పరిశోధనలకూ ఇది కావాలి. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. వర్గీకరణ మీద మనలో ఏకాభిప్రాయం లేదని తెలుసు, ఆ చర్చలోకి ఇక్కడ వెళ్లను. ఎటువైపు ఉన్నవాళ్లకైనా రేపు ఒక ప్రశ్న వస్తుంది. చట్టం కాగితం మీద అమలైన రోజుకూ, దరఖాస్తు ఫారాల్లో కులం అడిగే గడి మారిన రోజుకూ మధ్య ఎంత వ్యవధి ఉంది, ఆ మధ్యలో దరఖాస్తు పెట్టినవాళ్ల సంగతి ఏమైంది? గెజిట్‌లో చట్టం దొరుకుతుంది. తెర మారిన తేదీ గెజిట్‌లో ఉండదు. ఎవరో ఒకరు ఆ తెరను రోజూ బొమ్మ తీసి ఉంచితేనే ఉంటుంది.

నా అభిప్రాయం మారింది ఇక్కడే. ఆ అమ్మాయి సంగతి తర్వాత స్క్రిప్టు ఆపేద్దామనుకున్నాను. కానీ గొడవ వచ్చాక మనిషి తీసిన స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా అనుమానిస్తారు, కల్పించారంటారు. ఏ గొడవా లేని రోజుల్లో కూడా, ఎవరి తరఫునా కాకుండా, రోజూ ఒకే వేళకు యంత్రం తీసిన బొమ్మ మాట వేరు. చట్టమూ ఇప్పుడు ఆ దారిలోనే అడుగుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్, పాత చట్టంలోని 65బి స్థానంలో వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి. 65బి కింద అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టం ఇచ్చిన నమూనాలో 'హ్యాష్' విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. బొమ్మ తీసిన క్షణంలోనే దాని హ్యాష్ లెక్కకట్టి రాసిపెట్టడం స్క్రిప్టుకు రెప్పపాటు పని. మనిషి ఏడాది పొడవునా ఆ పని చేయలేడు, చేసినా మధ్యలో విసుగొచ్చి మానేస్తాడు.

అందుకని స్క్రిప్టును ఆపలేదు, దాని చేతిలోని తుడుపుగుడ్డ లాక్కున్నాం. ఇప్పుడు గైడ్‌లో పైన కనిపించేది తాజా బొమ్మే. దాని కిందే 'ఈ పేజీ ఫలానా తేదీన మారింది, అంతకుముందు ఇలా ఉండేది' అని ఒక వరుస ఉంటుంది. నొక్కితే పాత బొమ్మ వస్తుంది, తేదీతో, హ్యాష్‌తో. పాత బొమ్మ మీద అడ్డంగా 'పాతది' అని పెద్దక్షరాలు వేస్తాం, దాన్నే చూసి ఎవరూ దరఖాస్తు నింపకుండా. బొమ్మ మారినప్పుడు మాకు మెసేజ్ వస్తుంది. మాలో ఒకరు వాక్యం, బాణం, చూపులేనివాళ్ల కోసం రాసే వివరణ మూడూ సరిచూసి ఒప్పుకున్నాకే కొత్తది గైడ్‌లోకి వెళుతుంది. ఆ ఒకరోజు ఆలస్యం మాకు సమ్మతమే. పేజీని బొమ్మగానే కాకుండా పాఠంగా కూడా దాస్తున్నాం. ఏ వాక్యం మారిందో వెతకడానికి బొమ్మ కన్నా అదే సులువు.

తేలనివి ఇంకా ఉన్నాయి. ఈ బొమ్మలన్నీ ఒక అద్దె సర్వర్ మీదున్నాయి, మేం డబ్బు కట్టడం మానితే అవీ పోతాయి. ఏదైనా యూనివర్సిటీ లైబ్రరీ తీసుకుంటుందేమోనని అడుగుతున్నాం, ఇక్కడున్న అధ్యాపకులు ఆలోచించండి. ఇంకొకటి, మేం ప్రైవేటు మనుషులం. మా ఆర్కైవ్‌ను కార్యాలయం ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. అసలైతే ప్రతి పోర్టలూ తన సూచనల పేజీ కింద మార్పుల పట్టిక తనే పెట్టాలి, రాజ్యాంగం ప్రతిలో పెట్టినట్టు. సమాచార హక్కు చట్టం కింద పాత సూచనల ప్రతి, మార్చిన తేదీ, మార్చమన్న ఉత్తర్వు అడుగుతూ దరఖాస్తులు వేయడం మొదలుపెట్టాం. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇందులో చేయి వేస్తే బాగుంటుంది.

ఇవాళ నేను వచ్చింది ఉపన్యాసం కోసమే కాదు. మీ ఫోన్లలో, మీ తమ్ముళ్ల చెల్లెళ్ల ఫోన్లలో పాత దరఖాస్తు పేజీల స్క్రీన్‌షాట్లు ఉంటాయి. మెమరీ నిండిందని ఏదో ఒకరోజు తీసేస్తారు. తీసేసే ముందు మాకు ఒక ప్రతి ఇవ్వండి. మా చాపరాతి గోడల ఇళ్లలో ట్రంకుపెట్టెలు చేసిన పని ఇప్పుడు అవే చేస్తున్నాయి. మీ పేరు, ఆధార్ నంబరు, కులం కనిపించే చోట నల్లగీత గీసే ఇవ్వండి. గీయడం రాకపోతే అదిగో ఆ బల్ల దగ్గర మా అమ్మాయి కూర్చుని ఉంది, మీ ముందే గీసి తీసుకుంటుంది. మీరు ఇందాకటి నుంచి వింటున్న ఆ ప్రింట్ కాగితం తనదే. ఈ మధ్యే మాతో పనికి చేరింది.

జై భీమ్.